టెక్ సందేహాలు: కోల్డ్ స్టోరేజీకి తాళం ఉంది, మీటర్‌కు లేదు

ప్రశ్న: గుంటూరు దగ్గర మా మిర్చి కోల్డ్ స్టోరేజీలో వైఫై మీటర్ పెట్టించాం. ఫోన్‌లో తేమ 62 శాతం చూపిస్తోంది, గోడకున్న పాత మీటర్ 71 అంటోంది. ఏది నమ్మాలి? బిగించిన కుర్రాడు, ఇంటి నుంచే కూలింగ్ పెంచొచ్చు, తగ్గించొచ్చు అని అది కూడా కలిపి వెళ్లాడు. వాడమంటారా?

జవాబు: రెండు మీటర్లు రెండు మాటలు చెబుతున్నాయని ఈ సీజన్‌లో చాలామంది రాశారు. ఉప్పుతో తేల్చుకోండి. సీసా మూతలో కళ్ళుప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్లు కలపండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటర్లనూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి, మామూలు గదిలో రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి 75 శాతం చూపించాలి. ఎంత తేడా ఉంటే మీటర్‌లో అంత తప్పున్నట్టు. చౌక మీటర్లలో వాడే నీలం రంగు చిల్లుల పెట్టె, అంటే డీహెచ్‌టీ11 సెన్సర్, కొత్తగా ఉన్నప్పుడే తేమలో 5 శాతం అటూ ఇటూ చెబుతుంది. దాన్ని నమ్మి లక్షల సరుకు పెట్టకండి. సెన్సర్‌ను తలుపు పక్కన కాకుండా టిక్కీల (మిర్చి బస్తాల) వరుసల మధ్య, కింద ఒకటి, పైన ఒకటి పెట్టించండి.

తేమ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, కాయకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది, కొన్ని బూజుల నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్‌కు పంపే మిర్చిలో అది మొత్తం మీద కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు.

నాకు అసలు టెన్షన్ మీ రెండో ప్రశ్నతోనే. చూడటం వేరు, తిప్పడం వేరు. రీడింగ్ ఎవడి కంట పడినా కొంప మునగదు. కూలింగ్ ఆపే మీట ఇంటర్నెట్‌లో ఉంటే మాత్రం మీ రైతుల సరుకంతా ఎవడి చేతిలోనో ఉన్నట్టే. 2019లో సెక్యూరిటీ పరిశోధకులు వెతికితే సూపర్ మార్కెట్లు, గోదాముల కూలింగ్ కంట్రోలర్లు వేలల్లో ఇలా బయటికి కనిపించాయి, చాలావాటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది. పాస్‌వర్డ్ మార్చేదాకా పని మొదలుపెట్టని మెషీన్ తయారు చేయడం పెద్ద విద్యేం కాదు. అది కూడా చేయకుండా అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కుర్రాడికి ఇవాళే ఫోన్ చేయండి. రౌటర్‌లో తెరిచిన పోర్ట్, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారి, మూయించండి, కంట్రోలర్‌ను నెట్ నుంచి తీయించండి. మీటర్‌కు వేరే వైఫై, కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. పని మానేసిన సూపర్‌వైజర్ ఫోన్‌లో ఆ యాప్ ఇంకా లాగిన్ అయి ఉందేమో చూడండి. ఈ మాట అడిగితే తలగోక్కునేవాళ్లే ఎక్కువ. అలారం యాప్‌కే వదిలేయకండి. గోదాములో సైరన్ మోగాలి, వాచ్‌మన్ ఫోన్‌కు కాల్ వెళ్లాలి.

ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. కరెంటు పోయి వస్తే కొన్ని మీటర్ల గడియారం 1970 జనవరి 1కి వెళ్లిపోతుంది. ఏ రాత్రి ఎన్ని గంటలు వేడెక్కిందో చెప్పలేని రికార్డు బ్యాంకు ముందూ నిలవదు, ఇన్సూరెన్స్ ముందూ నిలవదు. గడియారం ఆగకుండా లోపల చిన్న బటన్ బ్యాటరీ పెడితే పోయేదానికి తయారుచేసేవాళ్లు కక్కుర్తి పడతారు. కొనేముందు ప్లగ్ పీకి, వైఫై ఆపి, పది నిమిషాలాగి మళ్లీ ప్లగ్ పెట్టి టైమ్ చూడండి. తప్పు చూపిస్తే అక్కడే తిరిగి ఇచ్చేయండి.