రెండు లక్షలు కడితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో ఆరేళ్లు మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ను మనుషులే పరీక్షించే పని) చేశాను. రెండు నెలల కిందట లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. బేసిక్ 30,000, చేతికి 68,000 వచ్చేది. మావారి జీతం 32,000. హోమ్ లోన్ ఈఎంఐ 31,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 8,000తో కలిపి ఇంటి ఖర్చు నెలకు 74,000. చేతిలో 4.4 లక్షలు ఉన్నాయి. నౌకరీ, లింక్డ్‌ఇన్‌లలో 150కి పైగా అప్లై చేస్తే రెండే కాల్స్ వచ్చాయి. ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండు లక్షలు కడితే ఆటోమేషన్ (ప్రోగ్రామ్‌లతో టెస్టింగ్ చేయించే పని) ఎక్స్‌పీరియన్స్ చూపించి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. పీఎఫ్ తీసి కట్టనా, పర్సనల్ లోన్ తీసుకోనా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ వద్దు. ఆ రెండు లక్షలు అసలు కట్టొద్దు. ఎందుకో మీ అంకెలతోనే చూద్దాం.

మీ ఖర్చు 74,000, మీవారి జీతం 32,000. అంటే నెలకు 42,000 తక్కువ పడుతోంది. సిప్ ఇవాళే ఆపేయండి. ఇప్పటిదాకా కొన్న యూనిట్లు ఎక్కడికీ పోవు, జీతం మొదలయ్యాక మళ్లీ కట్టుకోవచ్చు. లోటు 34,000కు దిగుతుంది. కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీ మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది. మీవారి ఆఫీసులో కుటుంబానికి కవరేజీ ఉందేమో కనుక్కోండి. లేకపోతే సొంత పాలసీకి ఒక 30,000 పక్కన పెట్టండి. ఇక మిగిలిన 4.1 లక్షలు మీకు 12 నెలలు వస్తాయి. కన్సల్టెన్సీకి రెండు లక్షలు ఇస్తే ఆ గడువు ఆరు నెలలకు పడిపోతుంది. వాళ్లు అడుగుతున్నది మీ చేతిలో ఉన్న సమయంలో సగం.

మీ ఉత్తరంలో గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసినందుకు ఉద్యోగం వీడేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన మొత్తం) ఊసే లేదు. ఆరేళ్లు పనిచేశారు కాబట్టి అది మీ హక్కు. చివరి బేసిక్‌ను 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తే కనీసం 1,03,800 దాకా వస్తుంది. సెటిల్‌మెంట్ కాగితాల్లో ఆ మొత్తం ఉందో లేదో చూడండి. లేకపోతే హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. చెల్లించాల్సి వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోగా కంపెనీ ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా కలపాలి. అది వస్తే ఇంకో మూడు నెలలు గడుస్తుంది. లేఆఫ్ కంగారులో దీన్ని వదిలేసుకునేవాళ్లు ఎంతమందో!

ఇక కన్సల్టెన్సీ సంగతి. హైదరాబాద్‌లో దీన్ని బ్యాక్‌డోర్ జాబ్ అంటారని మీకూ తెలిసే ఉంటుంది. కొందరు డబ్బు తీసుకుని ట్రైనింగ్ అంటారు, మనం కట్టిన డబ్బులోంచే రెండు నెలలు 'జీతం' ఇస్తారు, ఆ తర్వాత బోర్డు తిప్పేస్తారు. మీకు చెబుతున్నది ఇంకో రకం, లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించడం. కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్‌కు ఉండే శాశ్వత నంబర్) సర్వీస్ హిస్టరీ అడుగుతున్నాయి. మీరు ఎక్కడ, ఏ నెల నుంచి ఏ నెల వరకు పనిచేశారో అందులో ఉంటుంది. రెజ్యూమెలోని కంపెనీ పేరు అక్కడ లేకపోతే వచ్చిన ఆఫర్ పోవచ్చు. నిజంగా కష్టపడిన ఆరేళ్ల మీద కూడా అనుమానం పడుతుంది. ఇది నాకు అన్నిటికంటే బాధగా అనిపిస్తుంది.

150 అప్లికేషన్లకు రెండు కాల్స్ అంటే ఇంటర్వ్యూ దాకా మీరు వెళ్లనేలేదు. కాబట్టి ఇప్పుడే ఇంటర్వ్యూ కోచింగ్‌కు డబ్బు పెట్టకండి. లోపం రెజ్యూమెలోనో, మీరు ఎంచుకుంటున్న ఉద్యోగాల్లోనో ఉంది. ఎక్కడుందో తెలియాలంటే ఇంటి ఖర్చులు రాసుకున్నట్టే దీనికీ ఒక ఎక్సెల్ షీట్ పెట్టండి. తేదీ, కంపెనీ, అప్లై చేసిన దారి (పోర్టలా, కంపెనీ సైటా, తెలిసినవాళ్ల రెఫరలా), పంపిన రెజ్యూమె, మళ్లీ ఎప్పుడు అడగాలి, ఏమైంది. ఇంతే.

కనిపించినదానికల్లా అప్లై నొక్కేయడం మానేసి వారానికి పది చాలు. జాబ్ వివరాలు పూర్తిగా చదివి, అడిగిన వాటిలో మీకు నిజంగా వచ్చినవి రెజ్యూమె పైభాగంలోకి తెచ్చి పంపండి. బ్యాంకింగ్ ప్రాజెక్టులో చేసుంటే ఆ మాట మొదటి మూడు లైన్లలో కనబడాలి. ఆ పదిలో కనీసం నాలుగు రెఫరల్స్ ఉండేలా చూడండి. పాత టీమ్‌లో పనిచేసి వేరే కంపెనీలకు వెళ్లినవాళ్లకు జాబ్ లింకు, రెజ్యూమె కలిపి పంపి అడగండి. మొహమాటం వద్దు. చాలా కంపెనీలు రెఫర్ చేసినవాళ్లకు బోనస్ ఇస్తాయి, వాళ్లకూ లాభమే. నౌకరీ ప్రొఫైల్‌లో వెంటనే చేరగలనని పెట్టండి. నోటీసు పీరియడ్ లేకపోవడం ఇప్పుడు మీకున్న పెద్ద బలం. నెల తర్వాత షీట్ చూస్తే ఏ దారిలో కాల్స్ వస్తున్నాయో తెలుస్తుంది. రాని దారికి టైమ్ తగ్గించండి. కాల్స్ వచ్చి మొదటి రౌండ్‌లో ఆగిపోతుంటే అప్పుడు ప్రిపరేషన్ మీద కూర్చోండి.

ఆటోమేషన్ నేర్చుకోవాల్సిందే, అందులో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది నిజం. టెస్టింగ్‌కు వాడే సెలీనియం, పోస్ట్‌మ్యాన్‌లతో మొదలుపెట్టండి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి, యూట్యూబ్‌లో తెలుగులోనే పాఠాలున్నాయి. నెల రోజులు సొంతంగా కూర్చున్నా ముందుకు సాగకపోతే అప్పుడు అమీర్‌పేటలో ఏదైనా కోర్సు చూడండి. దానికి 25,000 దాటొద్దు.

జీతం విషయంలోనూ అంకె ముందే రాసి పెట్టుకోండి. చేతికి 42,000 వస్తే ఇల్లు పూర్తిగా నడుస్తుంది. అది కనీసం. చేతిలో 12 నెలలకు సరిపడా డబ్బుంది కాబట్టి మొదటి నాలుగు నెలలు పాత జీతం 68,000 దగ్గరే గట్టిగా నిలబడండి. ఆ తర్వాత ఆటోమేషన్ పని ఇచ్చే చోటైతే 55,000 అన్నా ఒప్పుకోవచ్చు. ఆఫర్ వచ్చినప్పుడు సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) చూసి మురిసిపోకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) అన్నీ కలిపి ఉంటాయి. నెలకు చేతికొచ్చేదెంతో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి.

పీఎఫ్ తీస్తే ఐదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి మీకు పన్ను పడదు. అందుకే తీయాలనిపిస్తుంది కూడా. అయినా కదిలించకండి. ఉద్యోగం లేకున్నా ఆ ఖాతాకు వడ్డీ వస్తూనే ఉంటుంది, కొత్త ఉద్యోగంలో అదే యూఏఎన్‌కు మార్చుకోవచ్చు. ఎనిమిదో నెలకూ ఏదీ కుదరకపోతే, డబ్బు పూర్తిగా అయిపోకముందే హోమ్ లోన్ బ్రాంచికి వెళ్లి కాలవ్యవధి పెంచి ఈఎంఐ తగ్గించమని అడగండి. ఒక్క వాయిదా కూడా తప్పకముందు వెళ్తేనే బ్యాంకు వినడానికి అవకాశం ఎక్కువ.