రాక్ బ్యాండ్ వెనక పాడే గొంతుకు బతుకుదెరువు ఉందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి ప్లస్ టూ అయింది. కర్ణాటక సంగీతం నేర్చుకుంది, చర్చి క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) పాడుతుంది. పెద్ద రాక్ బ్యాండ్లకు బ్యాకింగ్ వోకలిస్ట్ అవుతానంటోంది. ప్లస్ త్రీలో (డిగ్రీలో) చేర్పించాలా, చదువు మానిపించాలా?

జవాబు: చేర్పించండి. బ్యాకింగ్ పాడటం నెల జీతం వచ్చే పని కాదు. షోకింత, రికార్డింగ్‌కింత అని ఇస్తారు. 1989 నుంచి పాతికేళ్లు రోలింగ్ స్టోన్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ టూర్లలో పాడిన లీసా ఫిషర్ కూడా లూథర్ వాండ్రాస్ వంటి ఇతర గాయకుల దగ్గరా పాడారు. మన దేశంలో రాక్ బ్యాండ్లు విడిగా కోరస్‌ను పెట్టుకోవడం తక్కువ, గిటారిస్టే పాడేస్తాడు. ఇక్కడ డబ్బులొచ్చేది సినిమా కోరస్, సంగీత దర్శకుల లైవ్ షోలు, ప్రకటనల జింగిల్స్ నుంచి. తెలుగు, ఒడియా రెండూ వస్తే హైదరాబాద్‌లోనూ భువనేశ్వర్‌లోనూ పని అడగొచ్చు.

ఆల్టో పాడిన అలవాటే మీ అమ్మాయికి పెద్ద బలం. దిద్దుకోవలసింది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పాడటం. లీడ్‌కు (ముందు పాడే ప్రధాన గొంతుకు) అది అందమే, కానీ కోరస్‌లో ముగ్గురూ మూడు రకాలుగా జారితే మాట చెదిరిపోతుంది. స్వరాన్ని కదపకుండా నిలపడం సాధన చేయాలి. ఇంకో చిక్కు శ్రుతిపెట్టెతో వస్తుంది. దానికి అలవాటుపడిన చెవికి అంతర గాంధారం కీబోర్డు గాంధారం కంటే సుమారు 14 సెంట్లు కిందే హాయిగా ఉంటుంది (అర్ధస్వరం అంటే 100 సెంట్లు). గిటార్ మోగుతుండగా అలాగే పాడితే శ్రుతి దిగినట్టు వినిపిస్తుంది. అది అపశ్రుతి అని పిల్లను చిన్నబుచ్చకండి. రోజూ కాసేపు కీబోర్డుతో పాడితే సర్దుకుంటుంది.

పాట పెట్టుకుని, లీడ్‌కు పైన మూడో స్వరంలో రెండో గొంతు కట్టి, ఫోన్‌లో రికార్డు చేసి వినాలి. కొత్తవాళ్లు తెలియకుండానే లీడ్ వరసలోకి వెళ్లిపోతుంటారు. ఇంగ్లిష్ పదం చివరి 'స్' ఒక్కరే పలకాలి. అందరూ పలికితే ముందూ వెనకా పడి మైకులో బుసలు వినిపిస్తాయి. రాక్ అరుపులు గురువు లేకుండా వద్దు. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ చేత స్వరపేటిక చూపించాలి.

ట్రినిటీ, రాక్‌స్కూల్ అనే సంస్థల సంగీత గ్రేడ్ పరీక్షలు నేర్చుకోవడానికి మంచివే, కానీ పని ఇచ్చేవాళ్లు వినేది డెమో (నమూనా రికార్డింగ్). ఒకే పాటకు లీడ్, పై గొంతు, కింది గొంతు తనే పాడి కలిపిన రెండు నిమిషాలు చాలు. ఫ్యాన్ ఆపి, గోడలకు దుప్పట్లు కట్టి, మైకుకు జానెడు దూరంలో నిలబడి పాడాలి. రివర్బ్ (గొంతుకు ప్రతిధ్వని కలిపే ఎఫెక్ట్) వేయొద్దు, అది శ్రుతి దోషాన్ని దాచాలని వేసినట్టు ఉంటుంది.

పేరు సంగతి మాత్రం మొదటే తేల్చుకోండి. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లో మాటల్లేని ఆలాపన పాడిన క్లేర్ టోరీకి అప్పట్లో ముట్టింది 30 పౌండ్లు. 2004లో కోర్టుకెక్కి, మరుసటి ఏడాది రాజీ కుదిరాకే సహ స్వరకర్తగా ఆమె పేరు పడింది. మన కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ గాయకులకు రాయల్టీ హక్కు ఇచ్చింది. కానీ సినిమాలో ఏదో కాస్త పాడి, ఆనవాయితీగా టైటిల్స్‌లో ఎక్కడా పేరు పడనివాళ్లను ఆ చట్టం చాలావరకు కళాకారులుగా లెక్కించదు. అందుకే స్టూడియోకి బయల్దేరకముందే ఎన్ని పాటలు, ఎన్ని గంటలు, ఎంత డబ్బు, రాను పోను ఖర్చు ఎవరిది, పేరు ఎక్కడ వేస్తారు అన్నవి వాట్సాప్‌లోనైనా రాయించుకోమనండి.