సిగరెట్ కార్డుల మీది నటీమణుల ఫొటోలు పుస్తకంలో వేయవచ్చా?

ప్రశ్న: లివర్‌పూల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి వేలంలో ఆగ్డెన్స్ అనే పొగాకు కంపెనీ వారి ‘గినీ గోల్డ్’ సిగరెట్ కార్డుల (అప్పట్లో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన ఫొటో కార్డుల) ఆల్బమ్ కొన్నాను. అన్నీ 1900 ప్రాంతపు రంగస్థల నటీమణుల ఫొటోలే. ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. వాటిలో కొన్నింటిని నా నాటకరంగ చరిత్ర పుస్తకంలో వేసుకోవచ్చా? ఇంగ్లండ్‌లో ఒకరు ఆల్బమ్ కొంటామంటున్నారు, పోస్టులో పంపవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: కార్డు మీ సొంతమైనంత మాత్రాన దాని మీది ఫొటోకు కాపీరైట్ మీకు రాదు. అయినా ఇక్కడ అచ్చు వేయడానికి మీరు భయపడనక్కర్లేదు. మన పాత 1914 చట్టం ప్రకారం ఫొటోకు రక్షణ నెగటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్లే. మీ ఫొటోలకు ఆ గడువు 1950 ప్రాంతంలోనే తీరిపోయింది. 1958 జనవరిలో అమల్లోకి వచ్చిన ఇప్పటి చట్టం, అప్పటికే ముగిసిన హక్కును మళ్లీ బతికించదని 79వ సెక్షన్ చెబుతోంది. పుస్తకాన్ని బ్రిటన్‌లోనూ అమ్మదలిస్తే మాత్రం ఆగండి. అక్కడ ఫొటోగ్రాఫర్ పేరు తెలిస్తే ఆయన మరణించాక 70 ఏళ్ల వరకూ హక్కు ఉండవచ్చు.

ఈ కార్డుల్లో కంపెనీ పేరు వెనక కాదు, ముందువైపే, ఫొటో అడుగున ఉంటుంది. చరిత్ర పుస్తకం లోపలి పేజీలో అలాగే వేయడం నా ఉద్దేశంలో పొగాకు ప్రకటన కాదు. అట్ట మీద, పోస్టర్ల మీద మాత్రం ఆ పేరు కనిపించనివ్వకండి. 2003 పొగాకు చట్టం పరోక్ష ప్రకటనలను కూడా నిషేధిస్తోంది.

నా ఆందోళనంతా మీ రెండో ప్రశ్న గురించే. నూరేళ్లు దాటిన కళాత్మక, చారిత్రక వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. అలాంటి దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా అదనం. లక్షల్లో అచ్చయిన కార్డు పురావస్తువు ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. నాకూ ఆ వాదన సబబుగానే తోస్తోంది. కానీ తేల్చవలసింది మీరూ నేనూ కాదు, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ. ఆల్బమ్, వేలం రసీదు తీసుకుని హైదరాబాదులోని వారి కార్యాలయంలో ‘పురావస్తువు కాదు’ అనే ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. అది చేతికి వచ్చేదాకా డబ్బు పుచ్చుకోవద్దు, పార్సిల్ కట్టవద్దు.