‘ఆగర్స్ అన్నాడు’ అనాలా, ‘ఆగర్స్ అన్నారు’ అనాలా?

సందేహం: ఇంగ్లండు క్రికెట్ మీద తెలుగులో వచ్చిన ఒక వ్యాసంలో జొనాథన్ ఆగ్న్యూ అనే వ్యాఖ్యాతను ‘ఆగర్స్’ అనీ, హెన్రీ బ్లోఫెల్డ్‌ను ‘బ్లోయర్స్’ అనీ రాశారు. చివరి ‘స్’ ఇంగ్లీషు బహువచనమా, మన ‘గారు’ వంటి గౌరవసూచకమా? దానికి తగిన క్రియ ఏది? ఇంకొకచోట ‘గాజా కన్నీళ్లు’ అన్న శీర్షిక చూసి యుద్ధవార్త కాబోలు అనుకున్నాను; తీరా చదివితే అది ఫుట్‌బాల్ సంగతి.

సమాధానం: ఆ ‘స్’ బహువచన ప్రత్యయమూ కాదు, గౌరవార్థకమూ కాదు. మాటను మొదటి అక్షరం దగ్గర తుంచి ‘అర్’ తగిలించే సరదా 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో రగ్బీ పాఠశాల నుంచి ఆక్స్‌ఫర్డు విద్యార్థులకు అంటింది. రగ్బీ ‘రగర్’ అయింది. ఫుట్‌బాల్ పూర్తి పేరైన ‘అసోసియేషన్ ఫుట్‌బాల్’లో అసోసియేషన్ అన్న మాట నడుమనుంచి తీసిన ముక్క ‘సాకర్’ అయింది. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ‘అర్’ చివర ‘స్’ కూడా చేరింది. ఇంటిపేరులో మొదటి ముక్క నిలిచి తక్కినది రాలిపోతుంది కనుక ఆగ్న్యూ ఆగర్స్ అయ్యాడు, బ్లోఫెల్డ్ బ్లోయర్స్ అయ్యాడు. ఈ అలవాటును బీబీసీ రేడియో క్రికెట్ వ్యాఖ్యానంలో స్థిరపరచిన బ్రయన్ జాన్‌స్టన్ స్వయంగా ఆక్స్‌ఫర్డులో చదివినవాడే. ఆయన ముద్దుపేరు ‘జానర్స్’.

1991లో ఓవల్ టెస్టులో ఇంగ్లండు ఆటగాడు ఇయాన్ బోథమ్ వికెట్లను తానే తాకి అవుటైన తీరు మీద ఆగ్న్యూ ఒక ద్వంద్వార్థపు మాట విసిరితే, జాన్‌స్టన్ నవ్వు ఆపుకోలేక గొంతు పెగలక, ‘ఆగర్స్’ అని పిలిచి ఇక ఆపమని బతిమాలుకున్నాడు. ఆ పిలుపును తెలుగులో పెట్టవలసివస్తే ‘ఆగర్స్, ఆపవయ్యా’ అంటాము గాని ‘ఆపండయ్యా’ అనము. ఒక్క మనిషిని చనువుగా పిలిచే మాట అది.

కనుక క్రియను ప్రత్యయం నిర్ణయించదు. ‘ఆగ్న్యూ అన్నారు’ అని రాసే రచయిత ‘ఆగర్స్ అన్నారు’ అనే రాయాలి. ‘అన్నాడు’ అనేవారు అదే కొనసాగించాలి. ముద్దుపేరు వాడినంత మాత్రాన గౌరవం తగ్గించనక్కరలేదు. మనం ‘బుజ్జిగారు వచ్చారు’ అనడం లేదూ! అలాగే, శ్రీరంగం శ్రీనివాసరావు తన ఇంటిపేరు నుంచి ఒక శ్రీ, అసలు పేరు నుంచి ఒక శ్రీ తీసుకుని శ్రీశ్రీ అయినా, ‘శ్రీశ్రీ అన్నాడు’ అని చనువుగా రాసే పాఠకులకు రెండు శ్రీలు అడ్డు రాలేదు.

ఇంగ్లండు క్రికెటర్ బెన్ స్టోక్స్ ‘స్టోక్సీ’ కావడంలో ఉన్న ‘స్’ మాత్రం వేరు, అది ఇంటిపేరులోనిదే. ఒక్క అక్షరంగా పలికే ఇంటిపేర్లకు సాధారణంగా ఇలా ఈకారం చేరుతుంది: మరో క్రికెటర్ జో రూట్, రూటీ. టాక్సీ, పార్టీ అని రాస్తున్నట్టే దీర్ఘంతో రాయడం మేలు.

‘గాజా’ విషయంలో తప్పు మీది కాదు, రాసినవారిది. 1990 ప్రపంచకప్ సెమీఫైనల్లో, ట్యూరిన్‌లో పశ్చిమ జర్మనీతో ఆడుతూ కంటతడి పెట్టిన ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు పాల్ గ్యాస్కోయిన్ ముద్దుపేరు అది. అతని ఇంటిపేరు మొదట ఉన్నది గ్యాస్ అన్న మాటలోని అచ్చే కనుక ‘గ్యాజా’ అని రాయాలి. ఇంగ్లీషు వర్ణక్రమంలో జంటగా కనిపించే హల్లును (Gazzaలో zz) చూసి ద్విత్వం పెట్టనక్కరలేదు. ఈ జాగ్రత్త లేకపోతే గాయకుడు పాల్ మెకార్ట్నీ ముద్దుపేరు ‘మ్యాకా’ కూడా ‘మక్కా’ అయి కూర్చుంటుంది!

ధ్వనిని కాక అర్థాన్ని పట్టుకుని పుట్టే పేర్లు మరో తెగ. సైన్యంలోనూ నౌకాదళంలోనూ మిల్లర్ ఇంటిపేరువాడు పిండిమర దుమ్మును బట్టి ‘డస్టీ’, వైట్ అనేవాడు సుద్దముక్క తెల్లదనాన్ని బట్టి ‘చాకీ’. ఇంగ్లండు స్పిన్నర్ జెఫ్ మిల్లర్‌కూ ఈ ‘డస్టీ’ తగులుకుంది. అటువంటిచోట ‘దుమ్ము మిల్లర్’ అని తెనిగిస్తే తిట్టులా వినబడుతుంది. మొదటిసారి ‘డస్టీ అని పిలిచే జెఫ్ మిల్లర్’ అని, ఆ తరువాత మిల్లర్ అని రాస్తే చాలు.