రోమ్‌లో దిగి బారి వెళ్లాలంటే: రైలా, విమానమా, బస్సా, కారా, ఓడా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మే మొదటి వారంలో హైదరాబాద్ నుంచి కుటుంబంతో మొత్తం ఆరుగురు రోమ్ చేరుకుంటున్నారు, మీతో మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు, అమ్మగారు, పదేళ్లలోపు పిల్లలిద్దరు ఉన్నారు, దక్షిణ ఇటలీలోని రేవు పట్టణం బారిలో నాలుగు రోజులు ఉండి, వీలైతే అక్కడి నుంచి ఓడలో గ్రీసు వెళ్లాలని ఉంది, వీటిలో ఏ దారి మేలు? నేను చదువుకుంటూ బారిలో కొన్నేళ్లు ఉన్నాను, సెలవుల్లో మా అమ్మానాన్నలను, వారి తర్వాత బంధువులను అక్కడికి తీసుకొచ్చాను కనుక, పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవారికి ఏది కుదురుతుందో కొంత తెలుసు. నా అభిప్రాయం ఇది: రోమ్‌లో ఒక రాత్రి ఆగి, మరునాడు పగటి రైల్లో బారికి వెళ్లండి, తిరుగు ప్రయాణం కోసం మాత్రం మళ్లీ రోమ్‌కు రాకండి.

ముందుగా విమానం సంగతి. రోమ్ ఫ్యుమిచినో విమానాశ్రయం నుంచి బారికి ఎగిరే సమయం గంటే కాబట్టి చాలామంది అదే ఉత్తమమనుకుంటారు. అయితే మన దేశం నుంచి వచ్చి, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడి, సామాను తీసుకొని, మళ్లీ చెక్-ఇన్ చేసి, మళ్లీ భద్రతా తనిఖీ దాటేసరికి ఆ గంట ప్రయాణం సగం రోజును మింగేస్తుంది. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉండి, సామాను హైదరాబాద్ నుంచి నేరుగా బారి వరకు వేసే వీలుంటే విషయం వేరు. అప్పుడు విమానమే సులువు. విడివిడిగా కొన్న చౌక టికెట్లయితే మొదటి విమానం ఆలస్యమైనందుకు రెండో సంస్థ బాధ్యత వహించదు, పైగా తక్కువ ధర సంస్థల్లో ఆ ధరకు సీటు కింద పట్టే చిన్న సంచికే అనుమతి ఉంటుంది. మనవాళ్ల సామాను ఆ సంచిలో పట్టేదేనా? ఆవకాయ సీసాలతో కూడిన పెట్టెలకు విడిగా డబ్బు కట్టాక ఆ చౌక టికెట్ రైలు టికెట్‌ను దాటిపోవడం నేను చూశాను.

ఇక రైలు. రోమ్ టెర్మిని స్టేషన్ నుంచి బారి చెంత్రాలె స్టేషన్‌కు ట్రెనితాలియా వారి వేగపు రైళ్లు, ఇతాలో సంస్థ రైళ్లు నడుస్తాయి, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. కసెర్తా, బెనెవెంతో, ఫోజ్జా, బర్లెత్తా మీదుగా దారి. ఫ్యుమిచినో నుంచి టెర్మినికి లియొనార్దో ఎక్స్‌ప్రెస్ అనే రైలు 32 నిమిషాల్లో చేరుస్తుంది, మనిషికి 14 యూరోలు. మీరు ఆరుగురు కనుక పెద్ద టాక్సీ ధర కూడా కనుక్కోండి, ఎందుకంటే విమానాశ్రయం నుంచి రోమ్ పాత ప్రాకారాల లోపలికి నగర పాలకులు నిర్ణయించిన ఒకే ధర ఉంటుంది, బేరాలు, మీటరు గొడవ ఉండవు. దిగిన రోజే బారి రైలు ఎక్కాలనుకోవద్దు. తక్కువ ధర రైలు టికెట్లకు మార్పు, వాపసు ఉండవు. విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఆరు టికెట్లూ పోయినట్లే. టెర్మిని పరిసరాల్లో ఒక రాత్రి పడుకుని, పెద్దవాళ్ల కాళ్ల వాపు తగ్గాక ఉదయం బయలుదేరితే ఆ నాలుగు గంటలు తేలిగ్గా గడిచిపోతాయి.

ఆ టికెట్లు నెలల ముందే అమ్మకానికి వస్తాయి, బయలుదేరే రోజు దగ్గరపడే కొద్దీ చౌకవి అయిపోతాయి. ట్రెనితాలియాలో మూడు రకాల ధరలుంటాయి: అన్నిటికన్నా చౌకైన సూపర్ ఎకానమీ, మధ్యది ఎకానమీ, మార్పులకు అనువైన బేస్. పిల్లలున్నవారికి ఒక ఏర్పాటుంది: పెద్దలు బేస్ ధరకు కొంటే, రెండు నుంచి అయిదుగురి కుటుంబంలో 15 ఏళ్లలోపు పిల్లలు ఉచితంగా ప్రయాణించే పథకం అది. మీరు ఆరుగురు గనుక రెండు బుకింగ్‌లుగా విడదీసి లెక్క వేసి చూడండి. ఒక్కోసారి బేస్ ధర కట్టి పిల్లలను ఉచితంగా తీసుకెళ్లడం కన్నా అందరికీ సూపర్ ఎకానమీ కొనడమే చౌక అవుతుంది.

నాన్నగారి మోకాళ్ల విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లలో ఇది తెలిసినవారు తక్కువ. ఇటలీ స్టేషన్లలో సాలా బ్లూ అనే సహాయ కేంద్రం ఉంది. ముందుగా ఫోన్‌లో గాని ఆన్‌లైన్‌లో గాని కోరితే చక్రాల కుర్చీ తెచ్చి, రైలు తలుపు దగ్గర లిఫ్ట్ పెట్టి ఎక్కిస్తారు, దిగే చోట మరొకరు సిద్ధంగా ఉంటారు. దీనికి రుసుము లేదు. టెర్మినిలో ప్లాట్‌ఫాం సంఖ్య బోర్డు మీదకు రైలు కదలడానికి కొద్ది నిమిషాల ముందే వస్తుంది. అప్పటిదాకా బోర్డు కింద తలలెత్తి నిలబడిన జనమంతా ఒక్కసారిగా కదులుతారు, ఆ తోపులాటలో కర్ర పట్టుకున్న పెద్దాయనను నడిపించడం కష్టం. సహాయకుడు వెంట ఉంటే ఆ హడావుడి మీకు ఉండదు. మా నాన్న మొదట మొహమాటపడ్డారు గాని, బారిలో తలుపు తెరుచుకోగానే కుర్చీ పట్టుకొని నిలబడిన మనిషిని చూశాక తిరుగు ప్రయాణానికి ఆయనే గుర్తుచేశారు.

ఈ దారిలో ఉన్న లోపం కూడా చెప్పాలి. అపెనైన్ కొండల్లో బెనెవెంతో, ఫోజ్జాల మధ్య పాత మార్గంలో చాలా భాగం సింగిల్ లైనే. నేపుల్స్ నుంచి బారికి కొత్త వేగపు మార్గం పనులు సాగుతున్నాయి. అది పూర్తయితే రోమ్ నుంచి మూడు గంటల్లో చేరవచ్చని రైల్వే చెబుతోంది. అంతవరకు పనుల కోసం కొన్ని రోజులపాటు మార్గం మూసి మధ్యలో బస్సులు నడపడం జరుగుతుంటుంది. కొండచరియల బెడద కూడా ఉంది; 2010లో మోంతగూతో దగ్గర నేల జారి పట్టాల మీదకు రావడంతో మార్చి నుంచి జూన్ దాకా ఈ మార్గమే నిలిచిపోయింది. కాబట్టి టికెట్ కొనేటప్పుడు ప్రయాణ వివరాల్లో మధ్యలో బస్సు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే మరో రోజుకు మార్చుకోండి. సమ్మెల విషయమూ అంతే. ఇటలీలో సమ్మె తేదీలు ముందుగానే ప్రకటిస్తారు, ఆ రోజుల్లో కూడా తప్పక నడిచే దూర ప్రాంత రైళ్ల జాబితా ఉంటుంది. ప్రాంతీయ రైళ్లకైతే పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 18 నుంచి 21 వరకు హామీ ఉంటుంది.

కొండలు దాటగానే ఫోజ్జా మైదానం వస్తుంది. మేలో అక్కడ గోధుమ చేలు పచ్చదనం నుంచి పసుపుకు తిరుగుతుంటాయి. బర్లెత్తా దాటాక ఆలివ్ తోటల సందుల్లోంచి ఎడమ వైపున సముద్రం అప్పుడప్పుడు కనిపిస్తుంది. పిల్లలకు ఎడమ కిటికీ సీట్లు తీసుకోండి.

మిలాన్‌లో దిగేవారికి కూడా ఇక్కడే చెబుతాను, ఇదే ప్రశ్న వేరేవాళ్లూ అడుగుతుంటారు. మిలాన్ నుంచి బొలోన్యా, అంకోనా, పెస్కారాల మీదుగా ఏడు గంటల వరకు పడుతుంది, రాత్రి రైలు కూడా ఉంది. పగలు అయితే సముద్రాన్ని ఆనుకుని సాగే చక్కని ప్రయాణం, అయితే టెర్మోలి, లెజీనాల మధ్య ఆ దారిలోనూ సింగిల్ లైన్ మిగిలి ఉంది, ఒక రైలు ఆలస్యమైతే వెనకవాటికి అది అంటుకుంటుంది. మిలాన్ నుంచి పెద్దవాళ్లతోనైతే నేను విమానమే ఎంచుకుంటాను.

బారి విమానాశ్రయం నగరానికి దగ్గరే. టెర్మినల్ నుంచి భూగర్భ దారిలో నడిచి వెళ్తే స్టేషన్ ఉంటుంది, 2013లో మొదలైన ఈ రైలు ఇరవై నిమిషాల్లోపే బారి చెంత్రాలెకు తీసుకెళ్తుంది, టికెట్ అయిదు యూరోలకు కాస్త అటూ ఇటూ. అర్ధరాత్రి దాటి దిగేవారు టాక్సీ మాట్లాడుకోవాల్సిందే.

బస్సు అన్నిటికన్నా చౌక. రోమ్ తిబుర్తీనా బస్టాండ్ నుంచి బారికి ఆరు గంటలు, రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ. విద్యార్థిగా నేను ఎక్కువసార్లు ఎక్కింది అదే, మీకు మాత్రం సిఫారసు చేయను. బారిలో ఈ బస్సులు స్టేషన్ ముందున్న చౌకులో కాకుండా వెనక వైపు కప్రూత్సి వీధిలో ఆపుతాయి. అక్కడి నుంచి ఊరి వైపుకు రావాలంటే పెట్టెలు పట్టుకొని పట్టాల కింద సొరంగ దారి దాటాలి.

కారు గురించి మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. రోమ్ నుంచి సుమారు 450 కిలోమీటర్లు, టోల్ రోడ్లు బాగుంటాయి, ఇంచుమించు అయిదు గంటలు. మన లైసెన్సుతో పాటు ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. కాని బారి పాత పట్టణంలో అనుమతి లేని వాహనాలకు ప్రవేశ నిషేధం ఉంది, కెమెరాలు నంబరు పట్టుకుంటాయి, జరిమానా కారు అద్దెకిచ్చిన సంస్థ ద్వారా నెలల తర్వాత ఇంటికి చేరుతుంది. ఊరి అంచున పానె ఎ పొమొదోరో బీచ్ దగ్గర వంటి చోట్ల కారు పెట్టి సిటీ బస్సులో లోపలికి వెళ్లే పార్కింగులున్నాయి. అల్బెరొబెల్లో, పొలిన్యానో వంటి ఊళ్లు చూడాలంటే బారిలోనే ఒకటి రెండు రోజులకు కారు తీసుకోవడం మేలు. రోమ్ నుంచి తీసుకురావడం అనవసరం. యూరప్‌లో ఉంటూ ఆగస్టులో వచ్చే తెలుగువారికి మరొక హెచ్చరిక: ఇటలీవాళ్ల ఆగస్టు 15 పండుగకు ముందు శనివారాల్లో ఉత్తరాది ఫ్యాక్టరీల్లో పనిచేసే దక్షిణాది వాళ్లంతా సొంతూళ్లకు బయలుదేరుతారు, హైవే మన సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌గేట్‌లా ఉంటుంది.

బారి చెంత్రాలెలో ఒక చిన్న తికమక. బయటి నుంచి చూస్తే స్టేషన్ ఒకటే, కాని రైలు సంస్థలు వేరువేరు. మాతేరా ఊరికి వెళ్లే రైళ్లకు పక్కనే వేరే భవనం, ఆదివారం అవి నడుస్తాయో లేదో ముందే చూసుకోండి. నడవకపోతే బస్సులే దిక్కు. అల్బెరొబెల్లో రైళ్లు మరొక సంస్థవి. ఒక సంస్థ టికెట్‌తో ఇంకొక సంస్థ రైలు ఎక్కలేరు. ప్రాంతీయ రైలు కాగితపు టికెట్‌ను ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే కొన్నా జరిమానా తప్పదు. హోటల్ స్టేషన్‌కూ పాత పట్టణానికీ మధ్య ఉన్న మూరత్ పేటలో తీసుకుంటే స్పరానో వీధి వెంట నడిచి పోవచ్చు. పాత పట్టణం లోపల గది తీసుకుంటే నునుపైన రాతి పలకల మీద చక్రాల పెట్టెలు లాగాలి, కార్లు రావు, నాన్నగారికి అది ఇబ్బంది.

తేదీల గురించి తప్పకుండా ఆలోచించండి. 1087లో నేటి టర్కీలోని మిరా నుంచి నావికులు తెచ్చిన సెయింట్ నికొలాస్ అస్థికల జ్ఞాపకార్థం మే 7 నుంచి 9 వరకు బారిలో పెద్ద జాతర జరుగుతుంది, విగ్రహాన్ని పడవలో సముద్రంలోకి తీసుకెళ్తారు. అది చూడాలనుకుంటే గదులు, రైళ్లు ఇప్పుడే బుక్ చేసుకోండి. జనం వద్దనుకుంటే 10 తర్వాత రండి.

ఇక ఓడ. బారి రేవు నుంచి గ్రీసులోని ఇగుమెనిత్సా, పాత్రాస్‌లకు, అల్బేనియాలోని దుర్రెస్‌కు, సీజన్‌ను బట్టి క్రొయేషియా, మాంటెనెగ్రోలకు ఫెర్రీలున్నాయి. ఇక్కడ వీసా విషయం ముఖ్యం. గ్రీసు, క్రొయేషియా షెంజెన్‌లోనివే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోనివే. అల్బేనియా, మాంటెనెగ్రో కావు. మీది ఒకే ప్రవేశానికి ఇచ్చిన షెంజెన్ వీసా అయితే దుర్రెస్‌కు ఓడ ఎక్కిన క్షణమే అది ముగిసినట్టు, తిరిగి ఇటలీలోకి రానివ్వరు. గ్రీసుకైతే ఆ చిక్కు లేదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి కనుక, ఇటలీలో రాత్రులు గ్రీసు కన్నా ఎక్కువ ఉండేలా ప్రణాళిక వేసి ఇటలీ వీసాకే వెళ్లండి.

పాత్రాస్ ఓడ సాయంత్రం లేదా రాత్రి బయలుదేరి, పదిహేను గంటలకు పైగా ప్రయాణించి మరునాడు మధ్యాహ్నానికి చేరుస్తుంది. డెక్ టికెట్ చౌకే గాని, అది కొన్నవాళ్లు కారిడార్లలో చాపలు, స్లీపింగ్ బ్యాగులు పరుచుకొని పడుకుంటారు. మీకు కేబిన్ తప్ప వేరే మాట వద్దు. నాలుగు పడకల కేబిన్ ఒకటి, రెండు పడకలది ఒకటి తీసుకోండి. రేవు చాలా విశాలమైనది, గేటు నుంచి ఓడ దాకా నడక ఉంటుంది కాబట్టి స్టేషన్ నుంచి టాక్సీలోనే వెళ్లి, రెండు గంటల ముందు చేరుకోండి. ఓడలో శాకాహారం పాస్తా, చిప్స్‌తో సరిపెట్టుకోవాలి. టమాటా, ఆలివ్‌లు పరిచి కాల్చిన బారి ఫొకాచ్చా రొట్టెలు రెండు పెద్దవి కట్టించుకొని ఎక్కితే రాత్రి భోజనం గడిచిపోతుంది. పాత్రాస్ నుంచి ఏథెన్స్‌కు బస్సులో సుమారు మూడు గంటలు. అందుకే విమానం టికెట్ కొనేటప్పుడు రానుపోను రోమ్ అని తీసుకోకుండా, వచ్చేది రోమ్‌కు, తిరిగి వెళ్లేది ఏథెన్స్ నుంచి అని మల్టీ సిటీ టికెట్ చూడండి. గ్రీసు మానుకుంటే తిరుగు ప్రయాణాన్ని బారి నుంచే మొదలయ్యేలా, సామాను హైదరాబాద్ దాకా నేరుగా వేసే ఒకే బుకింగ్‌గా తీసుకోండి.