బెంగళూరులో కూలీల పిల్లలకి డిజిటల్ చదువు ఎక్కడ మొదలుపెట్టాలి?

మారతహళ్లి వైపు షెడ్లలో ఉండే మన అనంతపురం, కర్నూలు మేస్త్రీల పిల్లల గురించి కదా మీరు అడిగింది. 2017లో కేంద్రం పెట్టిన పీఎంజీదిశ, అంటే కంప్యూటర్, ఫోన్ వాడకం నేర్పే పథకం, పల్లెటూళ్లకే ఉండేది, అదీ 14 నిండినవాళ్లకే, 2024లో అదీ ముగిసింది, సో వీళ్లకి లెక్కలోకి రాదు. నన్నడిగితే ల్యాబ్ కోసం ఆగొద్దు, సాయంత్రం నాన్న ఫోన్ ఇంటికొచ్చాకే క్లాస్ పెట్టండి, టెక్స్ట్‌బుక్‌లో క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయించండి, బడి పాఠాలుండే ప్రభుత్వ యాప్ దీక్షలో పాఠం తెరుచుకుంటుంది, అందులో కన్నడా ఉంది తెలుగూ ఉంది, బళ్లో ఒకటి ఇంట్లో ఒకటి మాట్లాడే పిల్లలకి భలే పనికొస్తుంది. లైబ్రరీ అంటే కబ్బన్ పార్క్‌లో ఎర్ర బిల్డింగు, ఒకసారి చూపించండి చాలు. యూట్యూబ్ మనకన్నా వాళ్లకే బాగా వచ్చు (నాకు షార్ట్‌కట్‌లు చెప్పింది వాళ్లే), ఓటీపీ ఎవరికీ చెప్పకూడదనేదే తెలీదు, ముందు అది నేర్పండి, రాత్రికల్లా అమ్మకి చెప్పేస్తారు.