నాలుగు భాషలు వచ్చిన నాన్నగారికి డిమెన్షియా ఎందుకు వచ్చింది? మర్చిపోతున్న భాషలు మళ్లీ నేర్పించాలా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఎక్కువ భాషలు వస్తే డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన మెల్లగా తగ్గిపోయే జబ్బు, రాదంటారు కదా, మరి నాన్నగారికి ఎలా వచ్చిందన్నది ఒకటి. హిందీ, ఇంగ్లిష్ మర్చిపోతున్నారు కాబట్టి కూర్చోబెట్టి మళ్లీ చెప్పించాలా అన్నది రెండోది. డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకమైన అల్జీమర్స్ వచ్చిన మా మావయ్యగారిని చివరిదాకా ఇంట్లోనే చూసుకున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

మీరు విన్న మాట వెనక మన హైదరాబాద్‌లో జరిగిన పరిశోధన ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో 391 మందికి ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అసలు బడికే వెళ్లనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. నాకు బాగా నచ్చిన విషయం ఇదే, ఎందుకంటే పనిలో, బజారులో ఉర్దూ పట్టేసిన చదువురానివాళ్లు మన నగరంలో ఎంతోమంది. కానీ ఆ 391 మందీ డిమెన్షియా వచ్చినవాళ్లే. ఆలస్యమైంది తప్ప ఆగలేదు. రెండు భాషలు దాటాక ఇంకెన్ని వచ్చినా అదనపు లాభం కనిపించలేదు. తర్వాత జరిగిన అధ్యయనాలన్నిట్లోనూ ఇదే ఫలితం రాలేదు కూడా. కాబట్టి నాన్నగారిలో ఏదో లోపం ఉందనుకోకండి.

రెండోదానికి నా జవాబు: వద్దు, నేర్పించకండి. అల్జీమర్స్‌లో సాధారణంగా కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి. మెదడులో వాటిని నిలబెట్టే హిప్పోకాంపస్ తొలిదశలోనే దెబ్బతింటుంది. పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు, చదువుకున్న బడి గుర్తుంటుంది. భాషలో కూడా ముందు వస్తువుల పేర్లు, మనుషుల పేర్లు జారిపోతాయి. మావయ్యగారు కళ్లజోడు అనే మాట దొరక్క "అదే, పేపర్ చదవడానికి పెట్టుకునేది" అనేవారు. ఇంగ్లిష్ ముందు తగ్గింది, తర్వాత ఉర్దూ. తెలుగు చాలాకాలం నిలిచింది. అందరికీ ఇదే వరసలో జరగదు.

చుట్టాలు వచ్చి "నేనెవరో చెప్పు చూద్దాం" అన్నప్పుడల్లా ఆయనకు టెన్షన్ వచ్చేది, ఆ పూటంతా మాట్లాడేవారు కాదు. అందుకే గుమ్మంలోనే చెప్పేదాన్ని, "మీ పేరు మీరే చెప్పి పలకరించండి" అని. "ఏం తింటారు?" అని కాకుండా "ఇడ్లీయా, ఉప్మానా?" అని అడిగితే జవాబిచ్చేవారు. మాట కోసం వెతుక్కుంటుంటే కాసేపు ఆగి, అప్పటికీ రాకపోతే అందించేదాన్ని. తప్పు చెప్పినా దిద్దేదాన్ని కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులో చేయమని అడగండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన పరీక్షలు తెలుగులోనూ ఉన్నాయి. మావయ్యగారికి మొదట ఒకచోట ఇంగ్లిష్‌లో అడిగితే సగం ప్రశ్నలకు మౌనంగా ఉండిపోయారు, తర్వాత తెలుగులో అడిగినప్పుడు చాలావాటికి చెప్పగలిగారు. వినికిడి, థైరాయిడ్, విటమిన్ బి12 కూడా చూపించండి, వాటిలో తేడా ఉన్నా మతిమరుపులా కనిపించొచ్చు, వాటికి వైద్యం ఉంది.

మాట ఇలా మెల్లగా తగ్గకుండా ఉన్నట్టుండి పడిపోయినా, ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.